అప్‌డేట్: మూడు రెడిస్ నోడ్‌లూ కలిశాయి, తప్పు నాదే
మా కడప ఆఫీసులో ట్యాబ్‌ల మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోసం మూడు మెషీన్లలో రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్) పెడితే అవి క్లస్టర్ కావడం లేదని, అంటే ఒకే జట్టుగా కలవడం లేదని పోయిన వారం అడిగాను కదా. ఇప్పుడు అయింది.

ఫైర్‌వాల్‌లో రెడిస్ వాడే 6379 పోర్టు తెరిచి, ఇక అయిపోయిందనుకున్నాను. నోడ్‌లు, అంటే ఆ మూడు మెషీన్లలోని రెడిస్‌లు, తమలో తాము మాట్లాడుకునేది దానికి 10000 కలిపిన పోర్టులోనట, అంటే 16379. అది మూసే ఉంది. నోడ్‌లు కలిసేదాకా ఆగమంటూ స్క్రీన్ మీద చుక్క తర్వాత చుక్క. కిందికెళ్లి టీ తాగొచ్చినా చుక్కలే! ఆ మూడు మెషీన్ల మధ్య మాత్రమే పోర్టు తెరిచాక 16384 స్లాట్లనూ (డేటాను పంచుకునే భాగాలు) చిటికెలో పంచేసుకున్నాయి.

"పాస్‌వర్డ్ పెట్టావా?" అని ఒకాయన అడిగారు. లేదు. పైగా పాస్‌వర్డ్ లేనప్పుడు బయటి కనెక్షన్లను అడ్డుకునే ప్రొటెక్టెడ్ మోడ్ కూడా నేనే ఆపేశాను, సిగ్గు పోయింది. ఇప్పుడు రెడిస్‌ని ఆఫీసు లోపలి ఐపీ అడ్రస్‌కే బైండ్ చేశాను (ఆ అడ్రస్ మీద వచ్చే కనెక్షన్లే తీసుకుంటుంది), యాప్‌కి వేరే యూజర్‌ని ఇచ్చాను, టీఎల్ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేది) పెట్టాను. నోడ్‌ల మధ్య మాటలకు టీఎల్ఎస్ విడిగా ఆన్ చేయాలి, మర్చిపోకండి.

నిన్న కరెంటు పోయి ఒక నోడ్ పడితే క్లస్టర్ మొత్తం ఆగింది. రెప్లికాలు, అంటే ఒక నోడ్ పడితే దాని పని అందుకునే కాపీలు, లేవు మరి. ఇంకో మూడు మెషీన్లు కావాలని మా సార్‌ని అడగాలి, అదే టెన్షన్.