పొరా, త్వచమా? బ్యాక్టీరియా గురించి రాసేటప్పుడు

అడిగినవారు: పిల్లల సైన్సు పత్రికకి బ్యాక్టీరియా మీద వ్యాసం రాస్తున్నానండీ. "ఈ.కోలైకి రెండు పొరలుంటాయి" అని రాశాను. చదివిన మిత్రుడు "ఏ కణం పొర చూసినా రెండు పొరలే కదా, ఇందులో విశేషమేముంది?" అన్నారు. పొర, త్వచం, కవచం, గోడ: దేనికి ఏది వాడాలి?

సూక్ష్మజీవశాస్త్రం బోధించే సభ్యురాలు: మీ మిత్రుడి ప్రశ్న సరైనదే. మీరు రాసిందీ సరైనదే. చిక్కంతా "పొర" దగ్గరే వచ్చింది. ఉల్లిపొర, కంటిపొర అన్నప్పుడు అది పల్చటి కప్పు. "మట్టి పొరలు" అన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పేరుకున్న వరుసలు. ఈ రెండు అర్థాలూ బ్యాక్టీరియా దగ్గర ఒకేచోట ఎదురుపడతాయి.

కణాన్ని చుట్టి ఉండే పల్చటి కప్పు మందం సుమారు 7-8 నానోమీటర్లు. ఇందులో ముఖ్యమైనవి ఫాస్ఫోలిపిడ్ అణువులు. ఒక్కోదానికి నీటిని ఇష్టపడే తల, నీటికి దూరంగా జరిగే రెండు తోకలు ఉంటాయి. నీళ్ళలో ఉన్నప్పుడు తలలు బయటికీ లోపలికీ తిరిగి, తోకలన్నీ మధ్యలో దాక్కుంటాయి. అలా రెండు వరుసలు ఏర్పడతాయి. మీ మిత్రుడు "రెండు పొరలు" అన్నది వీటినే. కానీ ఈ.కోలైలో ఇలాంటి కప్పులే రెండు ఉన్నాయి, లోపల ఒకటి, బయట ఒకటి. వాటి మధ్య పెప్టిడోగ్లైకాన్‌తో కట్టిన సన్నని గోడ. మీరన్నది ఆ రెండు కప్పుల గురించి.

నా అభిప్రాయం: మొత్తం కప్పుని "త్వచం" అనండి, అందులో అణువుల బారుని "వరుస" అనండి, పెప్టిడోగ్లైకాన్‌ని "గోడ" అనండి. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: "ఈ.కోలైకి రెండు త్వచాలు, వాటి మధ్య ఒక గోడ ఉంటాయి. బయటి త్వచంలో లోపలి వరుస ఫాస్ఫోలిపిడ్‌లది, బయటి వరుస ముఖ్యంగా లైపోపాలీశాకరైడ్‌లది (కొవ్వుకి చక్కెర గొలుసులు అతికిన అణువులు)." ఇదే సంగతి "పొర" ఒక్కదానితో చెప్పి చూడండి, పిల్లలు తికమకపడతారు.

గోడనీ త్వచాన్నీ కలిపేస్తే నష్టం ఇంకా ఎక్కువ. పెన్సిలిన్ గోడ కట్టడాన్ని ఆపుతుంది. గోడ బలహీనపడ్డాక నీరు లోపలికి చొరబడి, ఆ ఒత్తిడికి త్వచం తట్టుకోలేక కణం పగిలిపోతుంది. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి గోడే లేదు కాబట్టి దాని మీద పెన్సిలిన్ పనిచేయదు. వాంకోమైసిన్ కూడా గోడ మీద పనిచేసే మందే, కానీ అది పెద్ద అణువు. ఈ.కోలై బయటి త్వచాన్ని దాటలేక బయటే ఆగిపోతుంది. కొలిస్టిన్ దారి వేరు, అది త్వచాలనే చీలుస్తుంది. మిగతా మందులు పనిచేయనప్పుడు ఆఖరి ఆధారం ఇది. అతిగా వాడితే బ్యాక్టీరియా దీనికీ లొంగకుండా పోతుంది, అందుకే 2019లో కేంద్ర ప్రభుత్వం కోళ్ళ పెంపకంలో, చేపల రొయ్యల చెరువుల్లో, పశువుల మేతలో దీని వాడకాన్ని నిషేధించింది.

మరొక సభ్యుడు: అమ్మా, త్వచం వచ్చింది త్వక్కు నుంచే కదా. త్వక్కు అంటే చర్మమే కాదు, చెట్టు బెరడు కూడా. అమరకోశంలో రెండు అర్థాలూ ఉన్నాయి. ఆయుర్వేదంలో దాల్చినచెక్కని త్వక్ అంటారు. బెరడు గట్టిది కదా, అది మీ గోడకే నప్పుతుంది. పైగా పొర అంటే మా ఊళ్ళో అందరికీ తెలుసు. త్వచం ఎవరికి తెలుసు?

సభ్యురాలు: బెరడు సంగతి నిజమేనండీ. అయితే పాఠ్యపుస్తకాల్లో త్వచం ఈ పల్చటి కప్పుకీ, కణకవచం గోడకీ స్థిరపడ్డాయి. పిల్లలు పరీక్షల్లో రాసేవి అవే. నేను కవచం వదిలి గోడ అనడానికి కారణం ఉంది. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాకి గోడ పైన జిగురులాంటి తొడుగు ఇంకొకటి ఉంటుంది. దాన్ని కూడా కొందరు కవచమే అంటున్నారు.

పొరని నేను వద్దనడం లేదు. తికమకకి అవకాశం లేనిచోట అదే బాగుంటుంది. "ఆవకాయలో ఉప్పు ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవి లోపలి నీరు పొర దాటి బయటికి పోతుంది" అని హాయిగా రాసుకోవచ్చు. త్వచానికి వాడే "అర్ధపారగమ్య" (సెమీ పర్మియబుల్) అనే మాట మాత్రం నాకు నచ్చదు. అక్కడ జరిగేది సగం దాటనివ్వడం కాదు, ఎంచి దాటనివ్వడం. ఆక్సిజన్ తేలిగ్గా దాటిపోతుంది, సోడియం అయానుకి ప్రోటీన్ దారి కావాలి.

వ్యాసంలో త్వచం చేసే పని కూడా చెప్పండి, సరిహద్దుగా మాత్రమే చూపించకండి. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా బ్యాక్టీరియాకి లేవు. శ్వాసక్రియలో ప్రోటాన్లని బయటికి తోసి, అవి తిరిగి లోపలికి వచ్చే బలంతో ఏటీపీని (కణం పనులకి శక్తినిచ్చే అణువు) తయారుచేసేది త్వచంలోని యంత్రాలే. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ సంగతిని 1961లో ప్రతిపాదించారు, 1978లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో అమెరికన్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనుక్కున్నవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మీ పాఠకులకి ఈ విషయం తప్పక చెప్పాలి.

అడిగినవారు: బాగుందండీ. మరి త్వచం అంటేనే రెండు వరుసలు అని నిర్వచనం రాసేయనా?

సభ్యురాలు: అలా రాయకండి. వేడి ఆమ్లపు ఊటల్లో బతికే సల్ఫోలోబస్ లాంటి ఆర్కియాల్లో (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులు) ఒక్కో పొడవాటి అణువు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగి ఉంటుంది. రెండు చివర్లా తలలే. అక్కడ త్వచంలో ఉండేది ఒకే వరుస. "చాలా జీవుల్లో రెండు వరుసలు" అని రాయండి.