ఎరువు తోలిన సగంలోనే కలుపు మందు పనిచేయలేదు, ఎందుకు?

ప్రశ్న:
ఒకే మడి. పడమటి సగానికి దిబ్బ ఎరువు దట్టంగా తోలాను, తూర్పు సగానికి చాలలేదు. విత్తిన మర్నాడు తడి మీద ఒకే ట్యాంకులో పెండిమిథాలిన్ (గడ్డి మొలవక ముందే కొట్టే కలుపు మందు) కలిపి మడంతా కొట్టాను. ఇరవై రోజులకు తూర్పున చాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పడమట ఊద గడ్డి కమ్మేసింది. ఎరువు మందును తినేస్తుందా? డోసు పెంచి ఇంకోసారి కొట్టనా?

జవాబు 1:
కొట్టకండి. మొలిచి నిలబడ్డ గడ్డిని పెండిమిథాలిన్ ఏమీ చేయదు, డబ్బు దండగ. ఇక ఎరువు మందును తినదు, పట్టుకుంటుంది. ఈ మందు నీళ్ళలో కరిగేదే చాలా తక్కువ, సేంద్రియ పదార్థం దొరికితే దానికి అతుక్కుపోతుంది. మొలకను చంపేది మట్టి తేమలో మిగిలిన కాస్త మందే. మట్టిలో సేంద్రియ కర్బనం (సేంద్రియ పదార్థంలోని కార్బన్) 0.5 శాతం నుంచి 1 శాతానికి పెరిగితే ఇలాంటి మందుల మీద మట్టి పట్టు దాదాపు రెట్టింపవుతుంది.

జవాబు 2:
పై మాట పెండిమిథాలిన్ వరకు సరే. కానీ "ఎరువు వేస్తే ఏ మందూ కిందికి దిగదు" అని దీన్నే సాగదీస్తారు, అది నాకు నచ్చదు. పచ్చి ఎరువు నుంచి దిగే గోధుమ రంగు రసం కొన్ని మందులను తనతో పాటు లోపలికి మోసుకుపోతుంది. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు అయితే అసలు బంకమన్నుకీ ఇనుము ఆక్సైడ్లకీ అతుక్కునే రకం, ఎరువులోని భాస్వరం ఆ చోటు కోసమే పోటీ పడుతుంది, అప్పుడు మందు పట్టు వదలొచ్చు. అన్నట్టు, మీ ఎరువు బాగా చివికిందా? గడ్డి విత్తనాలు దాంతోనే వచ్చి ఉండొచ్చు. దిబ్బలో మిగిలినదాన్ని మందు పడని గట్టు మట్టితో కలిపి ఒక కుండీలో, ఉత్త గట్టు మట్టి ఇంకో కుండీలో పోసి తడిపి చూడండి.

అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత):
ఎరువు కుండీలో 14 ఊద మొలకలు, ఉత్త మట్టిలో 3. మడిలో కూడా ఒక మొక్కను లాగి చూశాను, వేరుతో పాటు నిమ్మకాయంత పేడ ఉండ వచ్చింది. చిదిమితే లోపల ఇంకా పచ్చి గడ్డి పోగులే. పిచికారీ చుక్క ఆ ఉండ లోపలికి ఎలా వెళ్తుంది?

జవాబు 1:
వెళ్ళదు. పైన పడ్డది పై పొరకే అతుక్కుంటుంది, విత్తనం లోపల హాయిగా ఉంటుంది. విత్తనాల సంగతి నాకు తట్టలేదు, రెండో ఆయన చెప్పిందే కరెక్ట్.

అడిగినవారు:
చాళ్ళ మధ్య గుంటక తోలాను. మొక్కల మొదట్లో ఉన్నది చేత్తో పీకుతున్నాం, ఇంకా నాలుగు చాళ్ళున్నాయి.