నగర ఉద్యానాలు వాతావరణ మార్పును ఎదుర్కొనే సాధనాలా, కంటికి ఇంపు మాత్రమేనా?

నీడచెట్టు:
నగరపాలక సంస్థలు కొత్త పార్కు తెరిచిన ప్రతిసారీ దాన్ని వాతావరణ మార్పుపై తీసుకున్న చర్యగా చూపుతున్నాయి. ఖాళీ స్థలమే కరవైన నగరంలో ఆ స్థలాన్ని ఇళ్లకో, బస్సు డిపోకో ఇవ్వకుండా ఉద్యానానికి కేటాయించడం సమంజసమేనా?

లెక్కలమనిషి:
సమంజసం కాదని నా అభిప్రాయం. ఎదిగిన చెట్టు ఏడాదిలో పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క లీటరు పెట్రోలు మండితేనే సుమారు 2.3 కిలోలు వెలువడుతుంది. అంటే చెట్టు ఏడాదంతా పీల్చుకున్నది పది లీటర్ల పెట్రోలుకు కూడా చాలదు. పైగా పచ్చిక కోసే యంత్రాలు, ఎరువులు, తడిపే నీళ్లు అదనపు భారం. అదే స్థలంలో బస్సు డిపో కడితే, జనం సొంత వాహనాలు వదిలి బస్సెక్కడం వల్ల తగ్గే కాలుష్యం ఎన్నో రెట్లు ఎక్కువ.

వానచినుకు:
లెక్కలమనిషి గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అయితే ఉద్యానం చేసే అసలు పని ఆ పద్దులో కనబడదు. ఇప్పటికే పెరిగిన ఎండను, కుండపోత వానను తట్టుకునేలా నగరాన్ని సిద్ధం చేయడమే ఆ పని. 2011 జూలై 2న కోపెన్‌హాగెన్‌లో సుమారు రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల వాన కురిసి నేలమాళిగలు, రోడ్లు మునిగిపోయాయి. ఆ తర్వాత అక్కడి ఎంగావెపార్కెన్ అనే పాత ఉద్యానాన్ని, కుండపోత కురిసినప్పుడు దాదాపు 22,600 ఘనపు మీటర్ల నీటిని పట్టి ఉంచేలా మార్చారు. మిగిలిన రోజుల్లో అక్కడ పిల్లలు ఆడుకుంటారు. బ్యాంకాక్‌లో 2017లో తెరిచిన చులాలాంగ్‌కార్న్ శతాబ్ది ఉద్యానాన్ని వాలుగా కట్టి, పల్లానికి జారిన వాన నీరు చెరువులో చేరేలా రూపొందించారు.

ఇక చల్లదనం సంగతి. 2010లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం పగటిపూట ఉద్యానాల్లో ఉష్ణోగ్రత చుట్టుపక్కల కంటే సగటున 0.94 డిగ్రీలు తక్కువ. ఇది చిన్న అంకెగా తోచవచ్చు. కాని మండుటెండలో మనిషిని కాపాడేది గాలి ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, నేరుగా ఒంటిమీద పడే ఎండను ఆపే నీడ కూడా. అందుకే బోసిగా పరిచిన పచ్చికను, పెద్ద చెట్లున్న తోటను ఒకే గాటన కట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పొరుగువాడు:
ఇద్దరూ మనుషులను వదిలేశారు. 1995 జూలైలో షికాగో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పరిశీలించగా, పేదరికంలో ఒకే తీరుగా ఉన్న పేటల్లో కూడా జనం బయట తిరిగే, ఒకరినొకరు ఎరిగిన చోట మరణాలు బాగా తక్కువని తేలింది. ఒంటరిగా ఉన్న ముసలివారు రెండు రోజులుగా కనబడలేదని గమనించి తలుపు తట్టేవారు కావాలంటే, పైసా ఖర్చు లేకుండా కూర్చునే చోటు ఒకటి ఉండాలి. అయితే కొత్త పార్కు రాగానే చుట్టూ అద్దెలు పెరిగి, అది ఎవరికి అవసరమో వారే ఖాళీ చేయవలసి వస్తే ప్రయోజనం తలకిందులవుతుంది. అద్దెదారులకు రక్షణ కల్పించకుండా పార్కు కట్టడాన్ని నేను సమర్థించలేను.

లెక్కలమనిషి:
నీటి గురించి, నీడ గురించి వానచినుకు గారు చెప్పినవి ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం ఒక్కటి మాత్రం మిగిలే ఉంది: ఉద్యానాన్ని ఉద్గారాల తగ్గింపు కింద నమోదు చేయకూడదు. ఎంత నీరు పట్టి ఉంచుతుందో, నడివేసవి మధ్యాహ్నం ఎంత మేర నీడ ఇస్తుందో ముందే ప్రకటించి, కట్టిన తర్వాత కొలిచి చూపాలి. బస్సులకు కేటాయించవలసిన నిధిలోంచి ఒక్క రూపాయి కూడా దానికి మళ్లించకూడదు.