కొబ్బరికాయ నిలబడితే నీళ్లు ఉన్నట్టేనా?

పద్మజ:
అనంతపురం జిల్లాలో మాకు నాలుగెకరాల వేరుశనగ చేను ఉంది. నాన్న ఇప్పటికి మూడు బోర్లు వేయించారు. మూడింటికీ పాయింటు చూసింది ఒక్కరే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తారు, కాయ నిలువుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెడతారు. మొదటి బోరులో రెండు ఇంచుల నీళ్లు పడ్డాయి. మిగతా రెండూ 600 అడుగులు దాటినా తెల్లటి రాతిపిండే తప్ప చెమ్మ తగల్లేదు. మూడోసారి బండివాళ్లు గొట్టాలు విప్పుతుంటే నాన్న ఆ పిండిని గుప్పిట్లోకి తీసుకుని నలుపుతూ చాలాసేపు నిలబడ్డారు.

అయినా నాలుగో బోరుకు మళ్లీ ఆయన్నే పిలుస్తానంటున్నారు. యంత్రంతో సర్వే చేయిద్దామంటే, "ఆ యంత్రంలో ఏముందో నీకు తెలుసా? నీదీ నమ్మకమే, నాదీ నమ్మకమే" అన్నారు. నాకు జవాబు తోచలేదు. తేడా ఎక్కడుంది?

విశ్రాంత సర్వేయరు:
అమ్మా, భూగర్భ జలాల సర్వేలో 26 ఏళ్లు పనిచేశాను. నేను పెట్టిన పాయింట్లూ ఎండిపోయాయి. కాబట్టి తేడా తప్పొప్పుల్లో లేదు.

నాలుగు ఇనుప మేకులు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తాం. గట్టి రాయి కరెంటును అడ్డుకుంటుంది, తడిసిన పగుళ్లు పోనిస్తాయి. మేకుల దూరం పెంచేకొద్దీ ఇంకా లోతున ఏముందో తెలుస్తుంది. ఒకసారి తడి బంకమన్నును నీటి పొర అనుకుని ఒక రైతు డబ్బు పోగొట్టాను. ఎందుకు పొరపడ్డానో కాగితం మీద ఉంది, తర్వాత అలాంటి చోట జాగ్రత్తపడ్డాను. కాయ విఫలమైనప్పుడు ఆయన ఏమన్నారు? ఇంకో మాట అడగండి: మొదటి బోరు వేసిన రోజుల్లో, కాయ పట్టకుండా తవ్విన పక్క చేలల్లో నీళ్లు పడలేదా?

మరో వేరుశనగ రైతు:
సార్, కాయ నా చేతిలోనే లేచింది. నేను లేపలేదు. కళ్లతో చూసినదాన్ని కాదనమంటారా?

విశ్రాంత సర్వేయరు:
మీ మాట నమ్ముతున్నాను. కాయ లేచింది, మీరు కావాలని లేపలేదు. మనకు తెలియకుండానే మన కండరాలు కదులుతాయని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త వివరించారు. ప్రశ్నల్లా దాని కింద నీళ్లు ఉన్నాయా అన్నదే. 1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో కింది అంతస్తున నీటి గొట్టాన్ని జరుపుతూ, నీటి జాడ చెప్పగలమనేవాళ్లను పై అంతస్తు నుంచి దాని చోటు చెప్పమన్నారు. సుమారు 500 మందిలోంచి ఏరిన 43 మందితో 843 సార్లు పరీక్షించారు. చేసినవాళ్లు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే లెక్కలు మళ్లీ చూసి, గుడ్డిగా చెప్పినా అంతే వస్తుందని తేల్చారు. నాకు ఎన్‌రైట్ లెక్కే సరైనదనిపిస్తుంది.

పద్మజ:
నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. రెండో బోరు పోయినప్పుడు కాయ పట్టినాయన మైల తగిలిందన్నారట, మూడోసారి బండివాళ్లు పక్కకు తవ్వారన్నారట. మొదటి బోరు ఏడాది పల్లపు చేలన్నిటికీ నీళ్లు పడ్డాయని నాన్నే గుర్తుచేసుకున్నారు. "మరి ఏం జరిగితే కాయ తప్పని ఒప్పుకుంటావు నాన్నా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ నీళ్లతోనే నిన్ను చదివించానమ్మా" అన్నారు. ఆ మాట తర్వాత నేను వాదించలేకపోయాను.

పొద్దున ఆయనే, మేకులు కొట్టేవాళ్లను రమ్మను, చూస్తానన్నారు. సార్, సర్వే ఎండాకాలంలోనే చేయించాలా, వానలు పడ్డాకా?