ఈసీ షెడ్డు (గాలి, వేడి మిషన్లే చూసుకునే మూసిన కోళ్ల షెడ్డు) కంట్రోలర్: హీటర్, ఫ్యాన్ ఒక్కసారే తిరుగుతున్నయ్, సెట్టింగులు ఎట్ల పెట్టాలె?

జడ్చర్ల బ్రాయిలర్:

జడ్చర్ల దగ్గర షెడ్డు. 300 అడుగుల పొడవు, 40 వెడల్పు, సీలింగ్ 8 అడుగులు. 14 వేల పిల్లలు, దిగి రెండు రోజులైంది. ఒక కొసకు 50 అంగుళాల ఫ్యాన్లు 8, అవతలి కొసకు రెండు పక్కల 6 అంగుళాల మందం కూలింగ్ ప్యాడ్లు, పక్క గోడకు 36 అంగుళాల ఫ్యాన్లు 2. వేడికి డీజిల్ హీటర్లు 2, పొగగొట్టం లేనివి.

కంట్రోలర్ కొత్తది. పీటీ100 వేడి సెన్సర్లు 3. బ్రూడింగ్ (పిల్లలను వేడిలో పెంచుడు) సగం షెడ్డులోనే కాబట్టి ఖాళీ సగంల ఉన్న ఒకటో సెన్సర్‌ను యావరేజ్ నుంచి తీసేసినం. సెట్ పాయింట్ (షెడ్డుల కావలసిన వేడి) 33. హీటర్ 33కు ఆన్, 34కు ఆఫ్. ఫ్యాన్ 33.5కు ఆన్.

హీటర్ నడుస్తుండంగనే ఫ్యాన్ అందుకుంటుంది, డీజిల్ మస్తు తాగుతుంది. ఇంకోటి, స్క్రీన్ మీద రెండో సెన్సర్ 33, మూడోది 35 చూపిస్తుంటే వాటి పక్కన వేలాడదీసిన థర్మామీటర్లు రెండూ 27 మీదనే ఉన్నయ్. పిల్లలు గుంపు కడుతున్నయ్. రెండో సెన్సర్‌కు కేబుల్ 60 మీటర్లు, మూడోదానికి 80. ప్రోబ్‌కు మూడు వైర్లు ఉన్నయ్ గాని గుంజిన కేబుల్ రెండు కోర్లది, 1 స్క్వేర్ ఎంఎం. బోర్డు దగ్గర రెండు పిన్నులకు చిన్న లింకు వేసిన్రు. ఫిట్టింగ్ చేసినాయన ఆఫ్‌సెట్ (రీడింగ్‌కు కలిపే, తీసేసే అంకె) మైనస్ 6 పెట్టుకుంటే సరిపోతదన్నడు. పెట్టుకోవచ్చా? ఎండకాలానికి ప్యాడ్ ఎంతకు పెట్టాలె, అది కూడా చెప్పున్రి.

ప్యానెల్ బోర్డు:

అన్నా, సెట్ పాయింట్ల జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు సెన్సర్ సంగతి చూడాలె. నువ్వు రాసిన లింకులోనే రోగం ఉంది.

పీటీ100 అంటే సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్స్, అక్కడి నుంచి డిగ్రీకి 0.385 ఓమ్స్ పెరుగుతది. 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగకు కిలోమీటర్‌కు 19.5 ఓమ్స్ దాకా ఉంటది. 60 మీటర్ల కేబుల్ అంటే పోను రాను 120 మీటర్లు, 2.3 ఓమ్స్. అది కంట్రోలర్‌కు 6 డిగ్రీల ఎక్కువ వేడిలాగ కనబడుతది. 80 మీటర్లదానికి 3.1 ఓమ్స్, అంటే 8 డిగ్రీలు. నీ 33, 35 లెక్కలు తూచినట్టు సరిపోయినయ్. షెడ్డుల 27 ఉంటే కంట్రోలర్ 34 అనుకొని హీటర్ బంద్ చేసి ఫ్యాన్ తిప్పుతుంది.

మూడో వైరు ఇచ్చేదే ఈ తీగ లెక్కను తీసేయడానికి. బోర్డు దగ్గర లింకు వేస్తే ఆ మూడో వైరు లేనట్టే. మూడు కోర్ల షీల్డ్ కేబుల్ గుంజు. మూడు కోర్లూ ఒకే సైజువి ఉండాలె. షీల్డ్‌ను బోర్డు దగ్గర ఒక్క చోటే ఎర్త్ చెయ్యి, రెండు దిక్కుల వద్దు. మోటర్ కేబుళ్ల పైపుల నుంచి తీసుకపోవద్దు, కనీసం అడుగు దూరం. నడుమ జాయింట్ తప్పదంటే ట్విస్ట్ చేసి టేపు చుట్టుడు కాదు, టంకం పెట్టి హీట్ ష్రింక్ వెయ్యాలె. షెడ్డుల అమ్మోనియాకు రాగి పచ్చబడుతది, నాలుగు బ్యాచ్‌లకు మళ్లీ ఇదే కథ.

గుంజినాక పరీక్ష: ప్రోబ్ విప్పి మీటర్ పెట్టు. ఒకే రంగు వైర్లు రెండింటి మధ్య సున్నాకు దగ్గర, వాటికీ మూడోదానికీ మధ్య 27 డిగ్రీల దగ్గర 110.5 ఓమ్స్ రావాలె. 33 దగ్గర 112.8. తర్వాత ప్రోబ్‌ను గ్లాసులో దంచిన ఐసు, కొద్దిగ నీళ్లు పోసి ముంచి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగు. స్క్రీన్ మీద సున్నాకు అర డిగ్రీ అటూ ఇటూ ఉంటే ఆ సెన్సర్ మంచిగున్నట్టు.

ఆఫ్‌సెట్ సంగతి: రెండు సెన్సర్లకు కలిపి ఒకటే మైనస్ 6 అయితే మూడోది ఇంకా 2 డిగ్రీలు అబద్ధం చెప్తది. సెన్సర్‌కు వేరే వేరే ఆఫ్‌సెట్ ఇచ్చే మెనూ ఉంటే కేబుల్ వచ్చేదాక రెండోదానికి 6, మూడోదానికి 8 తీసేసి, థర్మామీటర్ పక్కన పెట్టి సరిచూసుకో. శాశ్వతంగ అట్ల ఉంచవద్దు.

పశువైద్యం నల్గొండ:

పై జవాబు సరైనది. సెన్సర్ కుదిరాక ఉష్ణోగ్రతలు ఇలా చూడండి.

33 అనే అంకె తేమతో కలిపి చదవాలి. మొదటి రోజు పిల్లకు గాలిలో తేమ 50 శాతం ఉంటే 33, 60 శాతం ఉంటే 31కి దగ్గరగా, 40 శాతమే ఉంటే 36 కావాలి. చలికాలంలో హీటర్ నడిచేకొద్దీ గాలి ఎండిపోతుంది కాబట్టి తేమ మీటర్ లేకుండా 33 పెట్టి వదిలేస్తే పిల్లకు అది చలే కావచ్చు. ఊక ఉపరితలం 28 నుంచి 30 ఉండాలి. పిల్లలు దిగడానికి కనీసం ఒక రోజు ముందే హీటర్ పెట్టాలి. గాలి గంటలో వేడెక్కుతుంది, కింద కాంక్రీటు అలా వేడెక్కదు.

మొదటి 4, 5 రోజులు పిల్ల మలద్వారం దగ్గర చెవి థర్మామీటర్‌తో 39.4 నుంచి 40.5 రావాలి. వేర్వేరు చోట్ల నుంచి పది పన్నెండు పిల్లల్ని చూస్తే కంట్రోలర్ కన్నా అదే నమ్మకమైన సాక్ష్యం.

సెన్సర్ బల్బు ఊక మీద రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి. వయసుతో పాటు కోడి వీపు ఎత్తుకు జరపాలి. హీటర్ గాలి సూటిగా తగిలే చోట, నీళ్లు తాగే నిపుల్ పైపు కింద పెట్టకండి. వయసు కర్వ్ మెనూ ఉంటే 1వ రోజు 33, 7కి 30, 14కి 27, 21కి 24, 28కి 22 ఇచ్చి మధ్య రోజులు కంట్రోలర్‌కే వదలండి. వారానికి ఒకసారి 3 డిగ్రీలు ఒక్కసారిగా దించే పద్ధతి పిల్లకు మంచిది కాదు.

కొత్తకోట ఫామ్స్:

ఇగ హీటర్, ఫ్యాన్ కొట్లాట. తమ్మీ, నువ్వు హీటర్ ఆఫ్‌ను ఫ్యాన్ ఆన్ కన్నా పైన పెట్టినవ్. 33.5 నుంచి 34 దాక రెండూ నడవాలనే నువ్వే రాసిచ్చినట్టు. హీటర్ ఆగేది సెట్ పాయింట్ కింద, ఫ్యాన్ లేచేది సెట్ పాయింట్ మీద, నడుమ కనీసం ఒక డిగ్రీ ఖాళీ. సెట్ పాయింట్ 33 ఉంటే హీటర్ ఆన్ 32, ఆఫ్ 32.7. టెంపరేచర్ మీద ఫ్యాన్ 34.2. హీటర్ ఆగినంక కూడా దాని బ్లోయర్ ఉన్న వేడిని ఊదుతది, అర డిగ్రీ పైకి పోతది. ఆ ఖాళీ అందుకే. డిఫరెన్షియల్ (ఆన్‌కు, ఆఫ్‌కు నడుమ తేడా) 0.2, 0.3 పెడితే హీటర్ ఆన్, ఆఫ్ కొట్టుకొని ఇగ్నీషన్ పాడవుతది.

కానీ టెంపరేచర్ మీద ఫ్యాన్ లేవలేదని పూర్తిగ బంద్ పెట్టవద్దు. పొగగొట్టం లేని హీటర్ కదా, దాని గ్యాసంతా షెడ్డులోనే. మినిమమ్ వెంటిలేషన్ టైమర్ మీద నడవాల్సిందే. మొదటి వారం పిల్లకు 0.10 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి), రెండో వారం 0.25, మూడో వారం 0.35. నీ 14 వేలకు మొదటి వారం 1,400. ఒక 36 అంగుళాల ఫ్యాన్ సుమారు 10 వేలు తోస్తదనుకుంటే 14 శాతం, అంటే 300 సెకండ్ల సైకిల్‌ల 42 ఆన్, 258 ఆఫ్. రెండో వారం 105 సెకండ్లు. 50 అంగుళాల ఫ్యాన్‌ను దీనికి వాడితే 20 సెకండ్లే వస్తది, రెక్క స్పీడ్ అందుకోకముందే ఆగుతది, చలిగాలి సీదా పిల్లల మీద పడుతది. ఆ లెక్క కనీసం మాత్రమే. కార్బన్ డయాక్సైడ్ 3,000 పీపీఎం దాటినా, ముక్కుకు అమ్మోనియా తగిలినా, గోడలకు చెమ్మ పట్టినా ఆన్ టైం పెంచు, డీజిల్ ముఖం చూడకు.

ఇన్‌లెట్లు (గాలి లోపలికొచ్చే కిటికీలు) సీలింగ్ దిక్కు తెరిచి, 40 అడుగుల షెడ్డుకు ప్రెషర్ 0.08 నుంచి 0.10 నీటి అంగుళాలు పెట్టు. తక్కువైతే చల్లగాలి గోడ పక్కనే కిందికి జారుతది. ప్రెషర్ రాకపోతే పర్దాల సందులు చూసుకో, కంట్రోలర్‌ను కాదు.

జడ్చర్ల బ్రాయిలర్:

హీటర్ 32/32.7, ఫ్యాన్ 34.2 పెట్టిన, సెన్సర్లకు విడివిడి ఆఫ్‌సెట్ ఇచ్చిన. పిల్లలు విచ్చుకున్నయ్. మూడు కోర్ల కేబుల్ తెస్తున్నం. ప్యాడ్ సంగతి? పక్క షెడ్డాయన 28కే పంపు ఆన్ పెడుతడు.

కొత్తకోట ఫామ్స్:

28కి పంపు అంటే నేను ఒప్పుకోను. గాలి స్పీడ్ ఇచ్చే చల్లదనం అయిపోయినంకనే నీళ్లు. నీ షెడ్డు అడ్డకోత 40 ఇంటూ 8, 320 చదరపు అడుగులు. ప్యాడ్ తగిలించినంక ఫ్యాన్‌కు 20 వేల సీఎఫ్ఎం పట్టుకో, ఎనిమిదికి లక్షా 60 వేలు, అంటే నిమిషానికి 500 అడుగులు, సెకండ్‌కు 2.5 మీటర్లు. పెద్ద కోడికి మంచిగనే ఉంది. 6 అంగుళాల ప్యాడ్ మీద గాలి 350 అడుగులు మించొద్దు కాబట్టి ప్యాడ్ మొత్తం 457 చదరపు అడుగులు కావాలె. 5 అడుగుల ఎత్తుదైతే పక్కకు 46 అడుగులు. కొలుచుకో, తక్కువుంటే ఏ సెట్టింగు పెట్టినా ఫ్యాన్లు ఏడుస్తయ్.

28 రోజులు దాటినంక సెట్ పాయింట్ 22 అనుకో. ప్లస్ 1కి 36 అంగుళాలవి రెండూ టైమర్ లేకుండ. ప్లస్ 2.5కు టన్నెల్ (ప్యాడ్ కొస నుంచి ఫ్యాన్ కొసకు గాలి గుంజుడు): నాలుగు పెద్దవి లేస్తయ్, అప్పుడు పక్క ఫ్యాన్లు, పక్క ఇన్‌లెట్లు మూతబడాలె. ఇది ప్రోగ్రాంల మర్చిపోతే గాలి ప్యాడ్‌ను వదిలి సందుల నుంచి వస్తది. ప్లస్ 4కు ఆరు, ప్లస్ 6కు ఎనిమిది. పంపు 31కి ఆన్, 30కి ఆఫ్, ఎనిమిదో ఫ్యాన్ నడిస్తేనే అన్న ఇంటర్‌లాక్‌తో. మొదట్ల నిమిషం ఆన్, నాలుగు నిమిషాలు ఆఫ్. పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకే. పంపు ఆగినంక ఫ్యాన్లతో ప్యాడ్ ఆరాలె, లేకుంటే పాచి పడుతది. రెండు వారాల లోపు పిల్లలున్నప్పుడు టన్నెల్ స్టేజీలకు తాళం వెయ్యి, వాటి మీద గాలి సెకండ్‌కు 0.3 మీటర్లు దాటొద్దు.

పశువైద్యం నల్గొండ:

దీనికి తేమ కటాఫ్ కూడా జోడించండి. మే నెలలో బయట 42, తేమ 20 శాతం ఉంటే తడి బల్బు (నీళ్లు ఆవిరై గాలి చల్లబడగల హద్దు) 24 దగ్గర ఉంటుంది. 75 శాతం సామర్థ్యమున్న ప్యాడ్ గాలిని 28.5కి తెస్తుంది. అదే జులైలో బయట 33, తేమ 70 శాతం అయితే తడి బల్బు 28 దాటి ఉంటుంది, ప్యాడ్ మహా అయితే మూడున్నర డిగ్రీలు తగ్గించి తేమను 90 శాతం మీదికి తీసుకుపోతుంది. రొప్పుతూ వేడి వదిలే కోడికి ఆ గాలిలో వదిలే దారే ఉండదు. లోపల తేమ 80 శాతం దాటితే పంపు ఆగేలా పెట్టండి, ఫ్యాన్లు మాత్రం ఆపకండి.

ప్యానెల్ బోర్డు:

కంట్రోలర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నా. కంట్రోలర్‌తో సంబంధం లేని మామూలు థర్మోస్టాట్ ఒకటి రెండు ఫ్యాన్ల కాంటాక్టర్లకు (మోటర్ కరెంటును కలిపే, తెంపే స్విచ్‌లకు) పారలల్‌గ పెట్టు, సెట్ పాయింట్ మీద 4 డిగ్రీలకు. సెట్ పాయింట్ దించినప్పుడు దీన్నీ దించు. హీటర్‌కు ఇంకోటి సిరీస్‌ల, 36కు, కాంటాక్టర్ అతుక్కపోయినా హీటర్ ఆగేటట్టు. అది కాయిల్ సప్లైల పెడితే లాభం లేదు, హీటర్‌కు పోయే ఫేజ్ మీదనే ఉండాలె. సైరన్‌కు బ్యాటరీ వేరే. బ్రూడింగ్ రోజుల్ల హై అలారం, లో అలారం సెట్ పాయింట్‌కు 3 డిగ్రీలు పైన, కింద.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఎనిమిది మోటర్లు ఒక్కసారి లేస్తే జనరేటర్ కూలబడుతది. ఫ్యాన్‌కు ఫ్యాన్‌కు 8 నుంచి 10 సెకండ్ల డిలే ఇయ్యి. ఫేజ్ ప్రివెంటర్ ఎట్లైనా ఉండాలె, ఫేజ్ ఉల్టా అయితే ఫ్యాన్లు ఉల్టా తిరుగుతయ్, స్క్రీన్ మీద మాత్రం అన్నీ ఆన్ అనే ఉంటది.

ఇంకోటి, కొత్త కేబుల్ తగిలించి లింకు తీసిన నిమిషమే రెండు ఆఫ్‌సెట్‌లూ సున్నాకు తేవాలె. మైనస్ 6, మైనస్ 8 అట్లనే ఉంటే ఇప్పటికి ఉల్టా: షెడ్డుల 39 ఉన్నా కంట్రోలర్ 32 అనుకొని హీటర్ నడిపిస్తనే ఉంటది.

జడ్చర్ల బ్రాయిలర్:

సరే అన్నా. కేబుల్ మార్చేటప్పుడు హీటర్ మెయిన్ బంద్ చేసి, ఆఫ్‌సెట్ తీసి, ఐసు పరీక్ష అయినంకనే ఆన్ చేస్త. ఒకటో సెన్సర్ 12 మీటర్ల కేబుల్ మీద ఉంది, దానికి కూడా మూడు కోర్లు కావాల్నా?

ప్యానెల్ బోర్డు:

12 మీటర్లకు డిగ్రీ పైన తేడా వస్తది. అదే కేబుల్ ముక్క మిగులుతది కదా, వెయ్యి.