పాత తరహా చేతితయారీ సొప్రానో యుకులేలే: వాయించినవాళ్లు, చేసినవాళ్లు చెప్పండి

వాల్తేరు వాణి:
అందరికీ నమస్తే. కొన్నేళ్లుగా ఫ్యాక్టరీలో చేసిన కాన్సర్ట్ సైజు యుకులేలే (నాలుగు తీగల చిన్న హవాయి వాయిద్యం) వాయిస్తున్నాను. ఇప్పుడు చేత్తో చేసిన సొప్రానో, అంటే దానికంటే చిన్న సైజుది, ఒకటి చేయించుకోవాలని ఉంది. 1920ల నాటి అమెరికా మార్టిన్ కంపెనీ స్టైల్ 0 మోడల్ పద్ధతిలో, మొత్తం మహాగనీ, అలంకారాలేమీ లేకుండా. చేసే ఆయన మన దేశంలోనే ఉన్నారు. ధర మాత్రం ఇప్పుడు నా దగ్గరున్నదానికి చాలా రెట్లు. అంత పెడితే ఆ పాత గొంతు నిజంగా వస్తుందా? ఆర్డర్ ఇచ్చేముందు ఆయన్ని ఏమేం అడగాలి? విశాఖ గాలిలో తేమ సంగతి కూడా టెన్షన్‌గా ఉంది.

ఫ్రీమాంట్ శ్రీ:
వాణి గారూ, అన్నిటికంటే ముందు బరువు అడగండి. నా దగ్గర 1920ల నాటి స్టైల్ 0 ఒకటి, ఈమధ్య ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేయించుకున్న సొప్రానో ఒకటి ఉన్నాయి. పాతదాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ఆ తేలికకే ఆశ్చర్యపోతారు. 400 గ్రాములు కూడా తూగదు. ఆ గొంతంతా ఆ తేలికలోనే ఉంది. ఉన్నవి నాలుగే తీగలు, అవీ లోహం కాదు. వాటి లాగుడు తక్కువ. పైపలక మందంగా ఉంటే ఆ కాస్త శక్తికి అది కదలదు, మోగదు.

మార్టిన్ కంపెనీకి కూడా ఇది మొదట్లో పట్టుబడలేదు. 1907లో వాళ్లు చేసిన తొలి యుకులేలేలు గిటార్ అలవాటుతో చేసినవి. స్ప్రూస్ పైపలక, లోపల అవసరానికి మించిన బద్దలు. జనం తీసుకోలేదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ఎగ్జిబిషన్‌లో హవాయి సంగీతం విని అమెరికా అంతా యుకులేలే మోజులో పడ్డాక, మళ్లీ మొదలుపెట్టి మహాగనీతో పలచగా చేశారు. స్టైల్ 0 వచ్చింది 1922లో, వాళ్లవాటిలో అన్నిటికంటే చవక రకంగా. ఆ చవక వాయిద్యం కోసమే ఇవాళ జనం వెతుక్కుంటున్నారు, అందులో న్యాయం ఉంది.

చేయించుకున్నదాని సంగతి: పాతదానికి చాలా దగ్గరగా వచ్చింది. మధ్య స్థాయి స్వరాల్లో పాతదే ఇంకాస్త మెత్తగా పలుకుతుంది. కానీ కొత్తదాని శ్రుతి శుద్ధంగా ఉంది, పై మెట్లలో పాతది అంత కచ్చితం కాదు. కచేరీకి కొత్తదే తీసుకెళ్తాను.

హొనొలులు లక్ష్మి:
శ్రీ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ "పాత తరహా" అనగానే అందరూ మార్టిన్ దగ్గరే ఆగిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. అసలు పుట్టిల్లు ఇక్కడ. 1879 ఆగస్టులో రేవెన్‌స్క్రాగ్ అనే ఓడ పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను తీసుకుని హొనొలులు చేరింది. వాళ్లలో ముగ్గురు వడ్రంగులు: మాన్యుయెల్ నూనెస్, అగుస్తో డియాస్, జోసే దొ ఎస్పిరితో సాంతో. తమ ఊరి మషేట్ అనే చిన్న వాయిద్యాన్ని వీళ్లు ఇక్కడి కోవా చెక్కతో చేయడం మొదలుపెట్టారు. కలాకావా రాజు దాన్ని ఆదరించి దర్బారు సంగీతంలోకి తెచ్చాడు.

నూనెస్ కాలం నాటి నమూనాలు మార్టిన్ కంటే ఇంకా సన్నగా ఉంటాయి, నడుము దగ్గర బాగా లోపలికి వంగుతాయి. అంచుల్లో తాడు పేనినట్టు రెండు రంగుల చెక్కముక్కలు పొదుగుతారు. గొంతు మహాగనీకంటే పదునుగా, వెంటనే లేచి వెంటనే ఆగేలా ఉంటుంది. కొట్టి వాయించే పాటలకు నాకు అదే నచ్చుతుంది. ఇక శామ్యూల్ కమాకా 1920ల్లో నడుము వంపు తీసేసి పైనాపిల్ ఆకారం చేశాడు. ఆయన కుటుంబం ఇప్పటికీ ఇక్కడే చేస్తోంది. వాణి గారూ, ఆర్డర్ ఇచ్చేలోపు మూడు రకాలవీ రికార్డింగులు వినండి.

గోదారి చెక్కపని:
నేను రాజమండ్రిలో గిటార్లు రిపేరు చేస్తాను, సొప్రానోలు చేస్తాను. లక్ష్మి గారు కోవా అన్నారు కదా, అది మన తుమ్మ జాతిదే. కోవా ఇక్కడికి తెప్పించడం ఖరీదు కాబట్టి దాని దగ్గరి చుట్టం బ్లాక్‌వుడ్ వాడుతున్నాను. బ్రిటిష్ కాలంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నీలగిరుల్లో నాటిన చెట్టు అది. బాగా ఆరిన పలక దొరికితే కోవాకి ఏమీ తీసిపోదు.

వాణి గారూ, పైపలక మందం ఎంత ఉంచుతారో అడగండి. నేను మహాగనీకి 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఆపుతాను, పలక గట్టిదనాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. రెండు మిల్లీమీటర్లు దాటితే పాత గొంతు ఆశించకండి. పైపలక లోపల అడ్డంగా రెండు సన్న బద్దలు, తీగలు కట్టే బ్రిడ్జ్ కింద పలచని ముక్క, సొప్రానోకి ఇంతకు మించి అక్కర్లేదు. జిగురు కూడా అడగండి. పాతవన్నీ జంతుచర్మం జిగురుతో అతికినవి. వేడి, తడి తగిలిస్తే అతుకు ఊడుతుంది, అందుకే వందేళ్ల తర్వాత కూడా విప్పి బాగుచేయగలుగుతున్నాం.

మెట్ల విషయంలో మాత్రం పాతకాలాన్ని అనుకరించొద్దు. మార్టిన్ సొప్రానో స్కేలు, అంటే తీగ మోగే పొడవు, సుమారు 346 మిల్లీమీటర్లు. దాన్ని మెట్ల దూరం లెక్కకి వాడే 17.817తో భాగిస్తే మొదటి మెట్టు నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 19.4 మిల్లీమీటర్ల దూరంలో పడాలి. ఇంత పొట్టి స్కేలులో అర మిల్లీమీటరు తేడా కూడా చెవికి తెలుస్తుంది. నట్ గాడి లోతు చాలకపోతే మొదటి మెట్టు నొక్కగానే స్వరం పైకి పోతుంది. వాయిద్యం చేతికి రాగానే మూడో మెట్టు దగ్గర తీగ నొక్కి, మొదటి మెట్టు మీద సందు చూడండి. వెంట్రుకంత ఉంటే చాలు.

బొబ్బిలి రమణ:
మాది వీణలు చేసే ఊరికి దగ్గర కాబట్టి ఆసక్తిగా చదువుతున్నాను. మా దగ్గర పనస దుంగని తొలిచి కుండ చేస్తారు, మెట్లు మైనం మీద నిలబెడతారు. మైనం కాబట్టి శ్రుతి తప్పితే మెట్టు జరుపుకోవచ్చు. మీ వాయిద్యానికి ఆ వీలు లేదన్నమాట. గోదారి గారూ, పనసతో సొప్రానో ఎవరైనా చేశారా?

గోదారి చెక్కపని:
వెనకపలకకి, పక్కలకి వాడాను రమణ గారూ. వేడి గొట్టం మీద వంచేటప్పుడు ఓపిక కావాలి, చారలు తిరిగినచోట విరుగుతుంది. మోత బాగుంది. పైపలకకి మాత్రం బ్లాక్‌వుడ్డే వేశాను.

సికింద్రాబాద్ టీచర్:
శ్రుతి చేసే బిరడాల గురించి ఎవరూ మాట్లాడలేదు. పాతవాటికి చెక్క బిరడాలు ఉండేవి, తర్వాత లోహపు ఫ్రిక్షన్ పెగ్‌లు (రాపిడితోనే నిలిచే బిరడాలు). రెండూ ఒక చుట్టుకి ఒక చుట్టే తిరుగుతాయి, అంటే కాస్త కదిపితే శ్రుతి ఎక్కడికో పోతుంది. చెక్కవి వానాకాలంలో బిగుసుకుంటాయి, ఎండాకాలంలో జారతాయి. నా సలహా 4:1 గేర్లు (నాలుగు చుట్లకి ఒక చుట్టు) లోపల దాచిన గోటో యూపీటీ పెగ్‌ల లాంటివి. బయటికి పాతవాటిలాగే కనిపిస్తాయి. పక్కకి చెవుల్లా పొడుచుకొచ్చే గిటార్ గేర్లు మాత్రం సొప్రానోకి వద్దు, తల బరువై మెడ కిందికి వాలిపోతుంది.

ఇంకొకటి. మామూలు జిసిఇఎ శ్రుతితో (నాలుగు తీగల స్వరాలు) పాటు ఒక స్వరం పైకి, అంటే ఎ-డి-ఎఫ్ షార్ప్-బి కూడా పెట్టి వినండి. 1920ల నాటి పాటల ఫోలియోలు (అచ్చు పుస్తకాలు) చాలావరకు ఆ శ్రుతికే రాసినవి. పాత పద్ధతి సొప్రానో అక్కడ విచ్చుకున్నట్టు పలుకుతుంది. అప్పట్లో పేగు తీగలు. ఇప్పుడు సన్నని ఫ్లోరోకార్బన్ (ప్లాస్టిక్) తీగలు వేస్తే ఆ చురుకు వస్తుంది.

ఫ్రీమాంట్ శ్రీ:
టీచర్ గారూ, పెగ్‌ల దగ్గర మీతో విభేదిస్తాను. మంచి లోహపు ఫ్రిక్షన్ పెగ్‌లకు వెనక స్క్రూ ఉంటుంది, తగినంత బిగిస్తే జారవు. వారంలో చేయి అలవాటు పడుతుంది. గేరు పెగ్‌లకయ్యే డబ్బు చెక్క మీద పెట్టడం మేలు.

సికింద్రాబాద్ టీచర్:
మీది ఇంట్లో వాయించే లెక్క అండీ. నేను పిల్లల మధ్య నిమిషానికోసారి శ్రుతి చేయాలి. వాణి గారు ఎక్కడ వాయిస్తారన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

వాల్తేరు వాణి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆయనకి ఫోన్ చేశాను. పైపలక 1.7, స్కేలు 346, చర్మం జిగురు. బరువు 380 గ్రాములు దాటనివ్వనన్నారు. అన్నీ తడుముకోకుండా చెప్పారు, అదే నాకు నమ్మకం కలిగించింది. మహాగనీకే ఖాయం చేసుకున్నాను. గేరు పెగ్‌లు వేయమన్నాను, సముద్రం గాలికి చెక్క బిరడాలతో వేగలేను. తీగల ఎత్తు ఎంత పెట్టమంటారని అడిగారు. ఏం చెప్పాలి?

గోదారి చెక్కపని:
పన్నెండో మెట్టు దగ్గర 2.5 మిల్లీమీటర్లు అనండి. విశాఖ తేమకి పైపలక కొద్దిగా ఉబ్బుతుంది, అప్పుడు తీగలు కూడా పైకి లేస్తాయి. అందుకని మొదటి వానాకాలం గడిచాక ఒకసారి కొలవండి, ఎక్కువనిపిస్తే సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) అడుగున కాస్త అరగదీస్తే సరిపోతుంది. కేసులో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. ఏసీ గదిలో గోడకి తగిలించి వదిలేయొద్దు.