అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రానికి నీడ మాత్రమేనా?

ప్రశ్న: కదిలే ఛార్జి పక్కనే మనమూ అదే వేగంతో వెళ్తే దాని అయస్కాంత క్షేత్రం మాయమైపోతుంది కదా, మరి అసలైనది విద్యుత్ క్షేత్రమేనా?

జవాబు 1: ఒక్క ఛార్జి విషయంలో నిజమే. కానీ కరెంటు పారే తీగను చూడండి, మామూలుగా లోపలి ఎలక్ట్రాన్లు కరెంటు వెంట సగటున సెకనుకు మిల్లీమీటరు కూడా సరిగ్గా జరగవు, తీగ మొత్తమ్మీద న్యూట్రల్ (ధన, రుణ ఛార్జీలు సమానం), అయినా చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, మీరు ఎంత వేగంగా పరిగెత్తినా అది సున్నా కాదు, పైగా కొత్తగా విద్యుత్ క్షేత్రం కనిపిస్తుంది.

జవాబు 2: ఎలక్ట్రాన్ కదలకపోయినా స్పిన్ అనే దాని సహజ గుణం వల్ల అది చిన్న అయస్కాంతమే, దాన్ని మర్చిపోకండి.

ప్రశ్న అడిగినవారు: అయితే రెండూ సమానమేనా?

జవాబు 1: ఒకే క్షేత్రానికి రెండు ముఖాలండీ, 1905లో ఐన్‌స్టీన్ చూపించింది ఇదే. ఒక్క తేడా మాత్రం ఉంది, ధన, రుణ ఛార్జీలు విడివిడిగా దొరుకుతాయి కానీ, ఉత్తరమో దక్షిణమో ఒక్కటే ఉండే విడి అయస్కాంత ధ్రువం ఇంతవరకూ దొరకలేదు. ఎందుకన్నదే నన్ను వదలని ప్రశ్న.